మాస్టారి పాటలు పోయిన రోజు

తొంభైల్లో తెనాలిలో ఒకే కంప్యూటరుతో డీటీపీ సెంటరు నడిపేదాన్ని. రేపల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు భార్యతో కలిసి రైల్లో వచ్చేవారు. చేతులు వణికి రాయలేక, తాను కట్టిన క్రైస్తవ గీతాలను పాడి వినిపిస్తుంటే నేను టైపు చేసేదాన్ని. ఆ పాటల పుస్తకం అచ్చుకి వెళ్లకముందే ఆయన పోయారు.

జ్ఞాపకార్థ కూడికలో ఆ పాటలు పంచాలని ఆవిడ వచ్చారు. అప్పటికే నా హార్డ్ డిస్కు పాడై కొత్తది వేయించాను. కాపీ ఉందన్న ధైర్యంతో ఫ్లాపీ పెట్టాను. తెరుచుకోలేదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

"పాటలన్నీ పోయాయండి. వేరే కాపీ లేదండి," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

ఆవిడ కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు.

"ఆయన పాడినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను కదమ్మా. టైపు చెయ్యి," అని మొదటి పాట అందుకున్నారు.

సాయంత్రానికి అన్నీ వచ్చేశాయి. ఒకచోట ఆగి, "ఇక్కడ ఆయనకి దగ్గొచ్చేది," అని నవ్వి కళ్లు తుడుచుకున్నారు. మాస్టారు పోయాక తాను గొంతెత్తి పాడడం అదే మొదటిసారని వెళ్లేటప్పుడు చెప్పారు.

ఆ తర్వాత ప్రతి పనికీ రెండు ఫ్లాపీల్లో కాపీ తీసేదాన్ని. అయినా ఆ రోజు ఫ్లాపీ తెరుచుకుని ఉంటే ఆవిడ మళ్లీ పాడేవారా అని ఇప్పటికీ అనిపిస్తుంది.