తల కదలకుండా

సూళ్లూరుపేటలో మా మేడమీద అద్దెకుండిన సారు రిటైరయ్యాక గోల్ఫ్ నేర్చుకున్నారు. ఆదివారాలు రైల్లో చెన్నై వెళ్లి ఆడి వచ్చేవారు. వానాకాలం మైదానం మూసేస్తే, మా డాబామీద బంతి లేకుండానే కర్ర ఊపుతూ సాధన చేసేవారు. ఊపేటప్పుడు తల పైకి లేవడం ఆయన లోపం. అందుకని వాళ్లావిడ ఎదురుగా నిలబడి, ఆయన నెత్తిమీద అరచెయ్యి ఆనించి పట్టుకునేది.

"కదిలినారు," అనేది.

"లేదే."

"నా చేతికి తెలీదా?" అని నవ్వేది.

ఒక వేసవిలో ఆమె గుండెపోటుతో పోయింది. వానలు మొదలయ్యాక సారు ఒక్కరే డాబా ఎక్కారు. చినుకు ఆగితే చాలు, అదే పనిగా ఊపేవారు. చూడలేక ఒకరోజు అడిగాను.

"నేను పట్టుకోనా సార్, తల?"

"వద్దులే అబ్బయా," అన్నారు, కళ్లు నేలమీంచి ఎత్తకుండా. "ఇప్పుడు కదలడం లేదు."

వానలు వెళ్లిపోయాయి. మైదానం తెరిచారని చెన్నై స్నేహితులు కారేసుకుని పిలవడానికి వచ్చారు.

"మీరు పోండి. నేనింక ఆడను," అన్నారు సారు.

వాళ్లెంత చెప్పినా వినలేదు. కర్రల సంచీ తెచ్చి వాళ్ల కార్లో పెట్టారు. అందులోంచి ఒక్క కర్ర మాత్రం తీసుకుని, మెల్లగా డాబా మెట్లెక్కారు.