దారం కట్టిన వార్త

అక్క పోయింది. మొన్న పొద్దున దవాఖానలో, ఆయాసం ఎక్కువై. నేను ఇప్పుడు పనిచేస్తున్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంటే, ఆమె తమ్ముడు కాశిబుగ్గ నుంచి సైకిల్ మీద వచ్చి చెప్పాడు. సొంత అక్క కాదు, నేను ఇదివరకు ప్రూఫులు దిద్దిన పాత పేపరులో రిపోర్టరు. ఈ జిల్లాలో ఆ పని చేసిన ఆడమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇవాళ సాయంత్రం సంతాప సభ పెట్టారు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన ఓనరు సారే ఫొటోకు దండ వేసి, నిర్భయంగా నిజాలు రాసిన కలం అని పొగిడాడు. ఆ నిజాలను అచ్చు వేయనిది ఎవరట? చాయ్ ముట్టకుండా లేచి వచ్చేశాను. ఆయన మింగేసిన సంగతి మీకు చెబుదామని కూర్చున్నాను.

అప్పట్లో మా పల్లెల్లో జరుగుతున్నదాన్ని యుద్ధం అని ఎవరూ అనేవాళ్ళు కాదు. శాంతిభద్రతల సమస్య అనేవాళ్ళు. పగలు పోలీసు జీపులు, రాత్రి అడవిలోంచి దళాలు, మధ్యన జనం. అక్క నెక్కొండ దాకా ప్యాసింజరు బండిలో పోయి, అక్కడి నుంచి నడిచేది. నేత చీర కింద మగవాళ్ళ కాన్వాసు బూట్లు. నేను నవ్వితే, "పొలం గట్ల మీద నీ స్లిప్పర్లు ఏసుకొని రా చెల్లె, సూద్దాం" అనేది. పోలీసుల చాయ్ తాగేది కాదు, దళం వాళ్ళు ఇచ్చిందీ తాగేది కాదు. ఇన్‌ఫార్మరని దళం ఒకాయనను చంపితే ఆ ఇంటికీ పోయి, భార్య చెప్పింది చెప్పినట్టు రాసింది. "పోకుంట రాసుడు, సూడకుంట రాసుడు మన పని కాదు" అనేది. నాకు ఆమె నేర్పిన పాఠం అదొక్కటే, అది చాలు.

మా పేపరు పద్ధతి వేరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే పేర్చి అచ్చు వేసే రోజులవి. అచ్చయ్యాక వాటిని విడదీసి మళ్ళీ గళ్ళల్లో వేయాలి. ఎన్‌కౌంటర్ వార్తను మాత్రం విడదీసేవాళ్ళు కాదు. పేర్చిన అక్షరాల చుట్టూ దారం కట్టి, బల్ల మీద అట్లాగే ఉంచేవాళ్ళు. అడవిలో గాలిస్తున్న పోలీసుల మీద కాల్పులు, ఆత్మరక్షణకు ఎదురుకాల్పులు, ఒకరి మృతి, మిగిలినవాళ్ళు చీకట్లో పరారీ. పోలీసుల నుంచి కబురు రాగానే ఊరూ పేరూ మార్చి అచ్చు వేసేయడమే. టైము కలిసొస్తుందని సారు మురిసిపోయేవాడు. ఇప్పటికీ తలచుకుంటే రోత పుడుతుంది.

ఒకసారి అట్లాంటి కబురే వస్తే, అక్క నెక్కొండ అవతల ఆ ఊరికి పోయింది. చనిపోయిన పిల్లవాడి తల్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నా కొడుకు పగటీలి అన్నం తినుకుంట కూసున్నడు. కంచం ముందటికెల్లి లేపుకపోయిండ్రు. అడివిల గాదు, ఇంట్ల. గంతే రాయి బిడ్డా, ఇంకేం అడగ."

అక్క అంతే రాసింది. సారు ఆ కాగితాలు సొరుగులో పడేశాడు. "తల్లులు గట్లనే చెప్తరమ్మా. రేపు ప్రెస్సుకు తాళం పడితే నువ్వు తీస్తవా?" అన్నాడు. తెల్లారి పేపరులో దారం కట్టిన వార్తే వచ్చింది, ఆ పిల్లవాడి పేరుతో.

కొన్నాళ్ళకు ఆ తల్లి పేపరును కొంగులో చుట్టుకొని ఆఫీసుకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. "నా కొడుకు పేరు పడ్డదని బడి పంతులు చెప్పిండు. మొత్తం సదువుమంటే సదువకపాయె. నువ్వు రాసింది నువ్వే సదువు బిడ్డా" అంది.

తాను రాసింది అక్కకు నోటికి వచ్చు. అదే చెప్పేయవచ్చు. కానీ అచ్చులో ఏముందో అదే, ఒక్క మాట వదలకుండా చదివింది. అడవి, తుపాకి, చీకటి. తల్లి చివరిదాకా విన్నది.

"గిది నా కొడుకుది గాదు బిడ్డా. ఇంకెవలదో సదివినవు. నావోడు కంచం ముందట ఉన్నడు గద."

అక్క లేచింది. లోపలికి పోయి, బల్ల మీది వార్తకు కట్టిన దారం విప్పి, మొత్తం నేల మీదికి తోసేసింది. చప్పుడుకు సారు పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి లేసిందా నీకు? రేపటిసంది రాకు."

"రేపటి వార్త మీరే పోయి, సూసి రాయిండ్రి సార్."

తల్లి ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది. ఏదో పనికొచ్చే వస్తువు ఒలికిపోయిందనుకుందేమో, వచ్చి నేల మీద కూర్చుని, ఆ నల్లటి అక్షరాలను ఏరి కొంగులో వేసుకోసాగింది. అక్క పక్కనే కూలబడి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏరకమ్మా. ఏరిస్తే ఇంకో తల్లికి మళ్ళ గిదే సదువుతరు."

ఆమె అక్క మొహంలోకి చూసింది. తర్వాత ఏరినవన్నీ రాలిపోయేలా, మసి అంటిన వేళ్ళతో కొంగు వదిలేసింది.