నాలుగు గుడ్డల బంతి

నా చిన్నప్పుడు మా ఊళ్లో నా అంత గట్టిగా బంతి విసిరేవాడు లేడు. నేను విసిరితే అది శింగనమల చెరువు కట్ట దాటి అవతల జొన్నచేలో పడేది. వెతకబోయినవాళ్లు పొద్దు గూకాక గానీ తిరిగి వచ్చేవాళ్లు కారు. ఈ మాట నా మనవళ్లకు చాలాసార్లు చెప్పాను, వాళ్లు నమ్మారు కూడా. నిజానికి చెరువు కట్ట మా ఊరికి మూడు మైళ్లు. నా బంతి మా ఇంటి ముందరి పేడదిబ్బ దాటి పోయింది లేదు. అయితే ఆ బంతి గురించి ఇంతకాలం దాచిన మాట ఇంకొకటుంది. దాన్ని పెంచి చెప్పడానికి వీల్లేదు. తగ్గించి చెప్పాలని మాత్రం చాలాసార్లు అనిపించింది.

మా పక్కింటి అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, ఆమెకు పద్నాలుగు. పెట్టిన వస్తువు పెట్టినచోట ఉంటే చాలు, ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. చేదబావి నుంచి నీళ్లు తెచ్చేది, పొయ్యి వెలిగించేది, చెనక్కాయలు వొలవడంలో చూపున్నవాళ్లను దాటిపోయేది. ఆ ఏడు, కళ్లు లేని పిల్లల బడి నుంచి ఒక సారు వచ్చి ఆమెను చూసి, చేర్చుకునేదీ లేనిదీ చెబుతాడని కబురు అందింది. అక్క నెల రోజుల పాటు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నా రెండో తరగతి వాచకం చదివించుకుంది. మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా నోటికి నేర్చింది. సారు అడిగితే అప్పజెప్పాలని ఆమె ఆశ.

సారు రావడానికి రెండు రోజుల ముందు నేను వాళ్ల గొడ్ల కొట్టంలో దూరాను. గుడ్డు పెట్టిన కోడిని వెతుకుతున్నానని అప్పుడు చెప్పాను. గుడ్డు దొంగిలించడానికే పోయాను. గొడ్లు మేత తినే గాడి వెనక, గోనెసంచి కింద, ఉతికి మడిచిన పాత గుడ్డలు నాలుగు దొరికాయి. మెత్తగా ఉన్నాయి, ఒకదానికి పచ్చ అంచు ఉంది. ఏడు పెంకులాటకు అంతకంటే మంచి బంతి ఏముంటుంది? ఎండుగడ్డి ముద్ద మీద నాలుగూ చుట్టి పురికొసతో బిగించాను. ఆ సాయంత్రం గొప్ప చూపించుకోవడానికి పోయి, ఆ బంతిని అక్క చేతుల్లోనే పెట్టాను.

ఆమె వేళ్లు బంతి చుట్టూ నెమ్మదిగా తిరిగాయి. పచ్చ అంచు దగ్గర ఆగాయి. తర్వాత బంతి నాకు తిరిగి ఇచ్చింది.

“బాగుండాదప్పా. గట్టిగా చుట్టినావు” అంది. అంతే.

సారు వచ్చిన రోజు అక్క బయటికి రాలేదు. జ్వరమని వాళ్లమ్మ చెప్పింది. ఆయన కాసేపు అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, బస్సుకు పోయాడు. నేను వీధిలో ఆడుకుంటూనే ఉన్నాను. జ్వరం మాట విని మా అవ్వ గంజి పట్టుకుని పోయింది. తిరిగి వచ్చి గూట్లో ఉన్న నా బంతిని తిప్పి తిప్పి చూసింది.

మరుసటి పొద్దున తడికె చాటున స్నానం చేసి చెయ్యి చాపితే నా చొక్కా లేదు, నిక్కరు లేదు. అవ్వను పిలిస్తే పలకలేదు. బయట నా జతగాళ్లు ఆటకు రమ్మని కేకలు వేసి, నవ్వి, వెళ్లిపోయారు. ఒంటి మీది నీళ్లు ఆరిపోయాయి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు అవ్వ వచ్చి గుడ్డలు అందించింది.

“గుడ్డ లేకపోతే బయటికి వచ్చేకి కాదు గదా నాయనా. ఆ పిల్ల నిన్నట్నుంచి గోనెసంచి మీద అట్లనే కూర్చోనుండాది.”

నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని బంతి విప్పింది. ఆడపిల్లలకు నెలనెలా ముట్టు వస్తుందని, అది రోగమూ కాదు తప్పూ కాదని, ఈ గుడ్డలు అందుకేనని, మగపిల్లాడికి చెప్పకూడదని వెనకాడకుండా చెప్పింది. మిగతా పిల్లలు పెద్దమనిషి అయితే కుర్చీ వేసి, నువ్వులుండలు పెట్టి, పాటలు పాడతారు. కళ్లు లేని పిల్లకు ఇవన్నీ ఎందుకులే అని అక్కకు ఇంట్లోవాళ్లు ఏదీ చేయలేదు, ఏదీ చెప్పలేదు. నాలుగు గుడ్డలిచ్చి ఎవరి కంటా పడకుండా దాచుకోమన్నారు. ఎక్కడ ఎవరి కన్ను పడుతుందో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? అందుకే ఉతికినవి ఎండలో ఆరేయకుండా తేమగానే తీసుకుపోయి గాడి వెనక పెట్టుకునేది. ఒరుసుకుపోయి పుండ్లయినా నోరు విప్పలేదు. గుడ్డలు ఎవరు తీశారని అవ్వ అడిగితే, తెలియదని చెప్పిందట.

అవ్వ తన పాత చీర చించి ఎనిమిది గుడ్డలు చేసింది. ఎట్లా మడవాలో, మొలతాడుకు ఎట్లా కట్టుకోవాలో అక్క చేతులు పట్టుకుని నేర్పింది. ఉతికినవి ఎండలోనే ఆరాలని మా దండెం మీదే వేయించింది. రెండు డబ్బాలు తెచ్చి, ఇరవై ఎనిమిది చింతగింజలు లెక్కపెట్టి ఒకదాంట్లో పోసింది. రోజుకొకటి రెండో డబ్బాలోకి మార్చాలి, మొదటిది ఖాళీ అయ్యేవేళకు సిద్ధంగా ఉండాలి. గుడ్డల సంచి తగిలించడానికి అక్క చేతికి అందే ఎత్తులో గోడకు మేకు కొట్టాలి. ఆ మేకు నాచేత కొట్టించింది. ఇంకోసారి వచ్చి చూడమని సారుకు కార్డు కూడా నాచేతే రాయించింది. ఆ ఏటికి పిల్లలు నిండిపోయారని జవాబు వచ్చింది. మరుసటేడు అక్క వాళ్ల నాయన, ఎదిగిన పిల్లను పరాయి ఊరికి పంపనన్నాడు. అక్క బడి ముఖం ఎరగదు.

మొన్న మా వీధిలో చూపు లేని పాప ఒకతి పెద్దమనిషి అయింది. ఆశా కార్యకర్త ప్యాడ్లు, బొమ్మల పుస్తకం పట్టుకుని వచ్చి, ఈ పిల్లకు బొమ్మలతో ఎట్లా చెప్పేదని తల పట్టుకుంది. నేను పోయి అక్కను పిలుచుకొచ్చాను. అక్క ఆ పాప వేళ్లతోనే ప్యాడ్ విప్పించింది, అంటుకునే వైపు ఏదో తడిమించింది, వాడినది కాగితంలో చుట్టే పద్ధతి నేర్పింది. తర్వాత రెండు డబ్బాలు, చింతగింజలు అడిగింది. సంచికి మేకు కావాలంది. సుత్తి నా చేతికి వచ్చింది.

కొట్టిన మేకును అక్క తడిమి, లాగి చూసింది.

“గట్టిగానే కొట్టినావు. పెట్టింది ఆడ్నే ఉండల్ల. మళ్లా బంతి చుట్టేకి ఎత్తుకపోవాకప్పా.”

అరవై ఏళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. సంగతి తెలియకపోయినా అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తప్పయిందక్కా అనబోయి, సంచి తీసి మేకుకు తగిలించాను.

ఇంటికి వస్తూ అక్క నా భుజం పట్టుకుంది. వాచకం ఇంకా గుర్తుందా అని అడిగాను. ఆమె మొదటి పాఠం అందుకుని, ఇల్లు చేరేదాకా ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఎన్నోసార్లు చదివి వినిపించినవాణ్ణి, నాకూ అది నోటికి వచ్చు. ఒక్క తప్పు పోలేదు.