లడ్డు ఎవరి పేరున?

రుక్కమ్మది నానక్‌రామ్‌గూడ. పెళ్లయిన నాటి నుంచి బర్రెలతోనే బతికింది. మేపిన చోటల్లా మేడలు లేచాక బర్రెలను అమ్ముకోవాల్సి వచ్చింది. ఇప్పుడు షేర్ ఆటో ఎక్కి కోకాపేట పోయి, అపార్ట్‌మెంట్లలో కుక్కలకు స్నానాలు చేయిస్తుంది. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మోచేయి ముంచి నీళ్ల వేడి చూస్తుంది. కుక్క చెవుల్లో దూది పెడుతుంది. మొదట వెనక కాళ్లు తడుపుతుంది, తల చివరికి. తలే ముందు తడిస్తే కుక్క విదిలిస్తుంది, ఇక పట్టు చిక్కదు. కాలివేళ్ల సందులు పొడిగా తుడిచేదాకా వదలదు. చేస్తున్నంతసేపూ మాట్లాడదు.

హేమంత్ అనే సాఫ్ట్‌వేర్ మేనేజరు ఇంట్లో లడ్డు ఉంది. పేరుకే లడ్డు, చూసినవాళ్లు భయంతో వెనక్కి జరిగే నల్లకుక్క, దూడంత ఉంటుంది. రుక్కమ్మ చేతిలో మాత్రం కళ్లు మూసుకుని నిలబడుతుంది.

ఆ శనివారం స్నానం అయ్యాక హేమంత్ ఆమెను హాల్లోకి పిలిచాడు.

"రుక్కమ్మగారూ, కూర్చోండి."

ఇన్నేళ్లూ వట్టి రుక్కమ్మే. టీ కూడా ఎప్పుడూ వెనక బాల్కనీలో, స్టీలు గ్లాసులో. ఇవాళ పింగాణీ కప్పు వచ్చింది. ఆమె సోఫా అంచున కూర్చుంది కానీ కప్పు ముట్టలేదు.

"రేపు కింద క్యాంపు పెడుతున్నారండీ. పెంపుడు కుక్కలకు మెడ దగ్గర చిప్ వేసి మున్సిపాలిటీలో రిజిస్టర్ చేస్తారు. బియ్యపు గింజంత ఉంటుంది, అంతే. మీ ఆధార్ కార్డు తెస్తే మీ పేరున రాయిద్దాం."

"కుక్క మీది. నా కార్డెందుకు సార్?"

"నాకంటే మీ దగ్గరే కదండీ దానికి చనువు. ఊరికే పేరు, అంతే."

"ఆలోచన చేస్త సార్," అని లేచింది. గుమ్మం పక్కన, కుక్క మూతికి కట్టే కొత్త తోలు చిక్కం వేలాడుతోంది. పోయినసారి అది లేదు.

కింద గేటు దగ్గర సెక్యూరిటీ సాయిలును పట్టుకుంది. "సాయిలన్నా, లడ్డు ఎవలనన్న కరిసిందా?"

సాయిలు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేను చెప్పిన అనకు. లిఫ్ట్‌ల డెలివరీ పోరని పిక్క పట్టింది. దవాఖానల కుట్లు పడ్డయట. ఇంకోపారి కరిస్తే ఠాణాకే పోతమని వాళ్లన్న వచ్చి లొల్లి చేసిపోయిండు."

"గందుకా చాయ్," అంది రుక్కమ్మ.

ఆటోలో ఆమెకు మనసు నిలవలేదు. పేరిస్తే, రేపు ఠాణాకు పిలిచేది తననే. ఇవ్వకపోతే, ఆ సారు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక్క మాట పెడితే చాలు, మిగతా ఇళ్ల పనీ పోతుంది. మట్టిపనికి పోదామంటే మోకాళ్లు ఒప్పుకోవు.

ఆదివారం క్లబ్‌హౌస్ ముందు కుక్కలు, పిల్లులు, వాటి మనుషులు. ప్రభుత్వ పశువుల డాక్టరు సంధ్య సూది సిద్ధం చేసుకుంది. లడ్డును రుక్కమ్మే పట్టుకుంది, ఒక చెయ్యి దవడ కింద, ఒక చెయ్యి భుజం మీద.

"ఓనర్ ఎవరమ్మా?" అంది సంధ్య.

"ఆవిడేనండీ," అన్నాడు హేమంత్. "కార్డు తెచ్చారు కదా రుక్కమ్మగారూ?"

రుక్కమ్మ డాక్టరునే అడిగింది. "చిప్పు నంబరు పడ్డంక కుక్క ఎవలిదైతది మేడం?"

"పేరున్నవాళ్లదే. టీకాలు వేయించాలి. ఎవరినైనా కరిస్తే జవాబు చెప్పాల్సిందీ వాళ్లే."

"మా బావ గిట్లనే చేసిండు మేడం. సర్కారు సబ్సిడీల ఇచ్చే బర్రెను నా పేరు మీద తీస్కుండు. చెవికేసిన నంబరు పోగు నా పేరున, పాలేమో ఆయన ఇంట్ల. బర్రె మంది వరి చేన్ల పడ్డనాడు అందరు నా ఇంటిమీదికే వచ్చిన్రు." హేమంత్ వైపు తిరిగింది. "నా పేరు రాస్తె కుక్క నాదే సార్. ఇయ్యాలనే తోల్కపోత. మళ్ల అడుగొద్దు."

"అదేంటండీ, మా పాప ఏడుస్తుంది."

"మరి పాప కుక్క నా పేరునెందుకు?"

వెనక ఎవరో దగ్గినట్టు నవ్వారు. హేమంత్ కుక్క మెడపట్టీ అందుకున్నాడు. "పాపకు క్లాసుంది, తర్వాత వస్తాం," అని లడ్డును లాక్కుపోయాడు. చిప్ వేయించనే లేదు.

ఆ వారం అతని ఇంటి నుంచి పిలుపు రాలేదు. మరో రెండిళ్లు కూడా పిలవడం మానేశాయి. ఎందుకని ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం తిరుగు ఆటోలో హేమంత్ ఇంట్లో వంట చేసే ప్రవళిక కలిసింది.

"అత్తా, నువ్వు కాదన్నవంట గద. సార్ నన్నడిగిండు. లడ్డు నా మీదనే పానం పెట్టుకున్నదంట," అని నవ్వింది.

రుక్కమ్మ నవ్వలేదు. "కార్డు ఇచ్చినవా?"

"పొద్దుగాల ఇచ్చిన. ఏమైతది?"

"సూది పడ్డదా?"

"రేపు పశువుల దవాఖానకు తీస్కపోతరంట."

రుక్కమ్మ ముందు సీటు మీద తట్టింది. "భయ్యా, జర ఆపు." ప్రవళిక మోచెయ్యి పట్టుకుని లేచింది. "దిగు. వెనక్కి పోయి కార్డు వాపసు తెచ్చుకుందాం. ఎందుకో నడుసుకుంట చెప్త."