కుడి స్పీకర్లో ఆయన ఊ

మంగినపూడి వెళ్లే రోడ్డు మీద మా ఇల్లు. ఉప్పుగాలికి అక్కడ ఇనుము నిలవదు. అలాంటి చోట ఉండి మా ఆయన బందరు బజార్లో కంప్యూటర్లు బాగుచేసి బతికాడు. నేను అయిదో తరగతితో ఆపేశాను గానీ, ఒకసారి విన్న కథ మరిచిపోను.

ఒక ఏడు ఆయన కొట్టుకి వెళ్లడం తగ్గించాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. ఇంట్లో కూర్చుని రేడియో స్టేషన్ పెట్టాడు. ముందు గదిలో కంప్యూటరు, అందులో ఒక సౌండు కార్డు, దానికి తగిలించిన, మాటల్ని గాల్లోకి పంపే అగ్గిపెట్టెంత డబ్బా. వంటింట్లో మా పెళ్లినాటి రెండు స్పీకర్ల రేడియో. గుమ్మం దాటితే ఆ స్టేషన్ వినపడదు.

"నీ కథ ఎడమ స్పీకర్లో వస్తది, నా ఊ కుడి దాంట్లో వస్తది," అన్నాడు.

"రెండూ ఒకే గాల్లో వస్తే కలిసిపోవా?"

"కలవకుండా ఆ కార్డు సన్నగా ఈల కూడా వేస్తది. మన చెవికి అందదు, రేడియోకి అందుద్ది. అందిందంటే అదిగో, ఆ ఎర్ర దీపం వెలుగుద్ది."

"నాకే ఈలా వినపళ్లేదే!"

"నువ్వు మాట్లాడుతుంటే ఏ ఈల వినపడుద్దే?"

కథ చెప్పేవాళ్లకి ఊ కొట్టేవాళ్లు ఉండాలి. ఊ ఆగితే కథా ఆగాలి. ఒకే గదిలో ఉంటే ఒకరి గొంతు ఇంకొకరి మైకులో పడుతుందని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ముందు గదిలో తలుపేసుకునేవాడు. నేను వంటింట్లో పీట మీద కూర్చుని మైకులో చెప్పేదాన్ని. రెండు గొంతులూ కంప్యూటర్లో రికార్డయ్యేవి. ఏ స్పీకరు పలకాలో మార్చే రేడియో మీటను పూర్తిగా కుడికి తిప్పి ఉంచేవాడు కాబట్టి నాకు ఆయన ఊ ఒక్కటే వినపడేది. దాని వెనకాల సన్నగా గరగర.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"స్టీరియో అంటే అంతేనే. ఎర్ర దీపం వెలిగితే గరగర తప్పదు."

ఒకరోజు మా అమ్మమ్మ దివిసీమ పెళ్లికి ఎండుచేపల గంపతో పడవెక్కిన కథ చెబుతున్నాను. పెళ్లివారి బట్టల మూట మీదే గంప పెట్టిందన్నాను. ఊ లేదు.

"నిద్రపోయారా ఏంటి? గోడకి చెబుతున్నానా నేను?"

చాలాసేపటికి, "ఊ... చెప్పు, తర్వాత?" అన్నాడు. నాకు కోపమొచ్చి కథ అక్కడే ఆపేశాను, మళ్లీ ఎత్తలేదు.

ఆ వానాకాలం ఆయన దాటలేదు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయని ఆసుపత్రిలో చెబితే నమ్మలేదు. "ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలియకుండా ఎట్లా అండీ?" అని డాక్టరు గారితో పోట్లాడాను.

తర్వాత రోజూ కంప్యూటర్లో ఉన్న ఆ కథలు పెట్టుకుని, మీట కుడికి తిప్పి, ఆయన ఊ వింటూ చేపలు తోముకునేదాన్ని. నా కథ నాకెందుకు? ఊ బట్టే కథ ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది.

పోయినేడు ఆ కంప్యూటరు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఆగిపోయింది. గుడివాడలో ఉండే మా మరిది కథలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి పట్టుకొచ్చాడు. రేడియో పలికింది గానీ, ఎర్ర దీపం వెలగలేదు. మీట ఎటు తిప్పినా నా గోలే. ఆయన ఊ అందులో మునిగిపోయింది.

"దీంట్లో కార్డు అంత సన్న ఈల వేయలేదు వదినా. పాతరకం వెతికి తెస్తాను. అందాకా ఇవి పెట్టుకోండి, ఆయనది కుడి చెవిలో విడిగానే వస్తది," అంటూ ఇయర్‌ఫోన్లు ఇచ్చాడు.

కుడిదొక్కటే పెట్టుకున్నాను. ఊ వచ్చింది, పక్కనే కూర్చుని అన్నట్టు. దాని వెనకాల గరగర కూడా వచ్చింది.

"ఇందులో రేడియో లేదు కదయ్యా, మరి ఈ గరగరేంటి?"

మరిది ఆ ఇయర్‌ఫోను తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు. కాసేపు విన్నాడు. తల వంచుకుని, "అన్నయ్య ఊపిరి, వదినా," అన్నాడు.

గంప కథ పెట్టించుకున్నాను. ఊ లేని ఆ చోట నిద్ర లేదు. గాలి కోసం పెనుగులాట ఉంది. దగ్గు వినపడకుండా నోటికి ఏదో అడ్డం పెట్టుకున్నాడు. అదంతా అయ్యాకే, "ఊ... చెప్పు, తర్వాత?"

నెల రోజులకి మరిది పాతరకం కార్డు తెచ్చి బిగించాడు. ఎర్ర దీపం వెలిగింది. రేడియో గరగర, ఆయన గరగర కలిసి వచ్చాయి.

"ఏదన్నా చేసి ఆ చప్పుడు తగ్గించనా వదినా?"

"వద్దయ్యా, ఉండనీ."

గంప కథ మిగతాది ఆ రోజు పీట మీద కూర్చుని, రేడియోకి ఎదురుగా చెప్పేశాను.