లేని షుగరు

ఆ రోజు పొద్దున నా భార్యకు రాత్రి మింగాల్సిన మాత్ర ఇచ్చాను. చేతి పొరపాటు అనుకుంటే నాకు తేలికగానే ఉంటుంది. కానీ ఆ పొరపాటును నేనే చాలా రోజులుగా పెంచుతూ వచ్చాను.

కంబదూరు దగ్గరి పల్లెలో మాది చిల్లర అంగడి. ఆమెకు కొన్నేళ్లుగా మనసు బాగుండదు. నిద్ర ఉండదు, పొయ్యి ముందు కూర్చుని వెలిగించడం మరచిపోతుంది. మాత్రలతో కాస్త కుదుటపడింది. మా మండలం ఆసుపత్రికే నెలకోసారి మనసు డాక్టరు వస్తారు. తెలిసినవాళ్లు చూస్తారని నేను ఆమెను బస్సులు మార్చి అనంతపురం తీసుకుపోయేవాణ్ణి. తెచ్చిన మాత్రలను రేకుల్లోంచి ఊడదీసి, జీలకర్ర కట్టినట్టు పొట్లాలు కట్టి, అంగట్లో డబ్బాల వెనక పెట్టేవాణ్ణి. రేకు మీది పేరు ఎవరైనా చదువుతారని భయం. అడిగినవాళ్లకు షుగరని చెప్పాను. షుగరుతో పరువు పోదు. మా వీధిలో ఇంటికొకరికి ఉంది.

పొద్దుటి మాత్రల పొట్లం, రాత్రి మాత్రల పొట్లం, రెండూ ఒకేలా ఉన్నాయి.

కాసేపటికే ఆమె వంటింటి గడప మీద ఒరిగిపోయింది. నా కేక విని పక్కింటి అక్క, సరుకులకు వచ్చినవాళ్లు లోపలికి వచ్చారు.

"షుగరు పడిపోయినట్టుండాదప్పా! చక్కెర నీళ్లు తాండి!" అంటూ అక్క తానే కలిపి, మత్తులో ఉన్న ఆమె నోట్లో పోసింది. వద్దనాలంటే కారణం చెప్పాలి. నేను నోరు తెరవలేదు. నీళ్లు అడ్డం పడి ఆమెకు ఊపిరి ఆడలేదు. అక్కే భయపడి పక్కకు తిప్పి వీపు చరిచింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఎవరో పిలుచుకొస్తే మా ఊరి నర్సమ్మ వచ్చి, వేలు పొడిచి షుగరు చూసింది. "షుగరేం పడిపోలేదే. ఏం మాత్ర ఇచ్చినావన్నా?"

"అదే... మామూలుదే."

"మామూలు మాత్రని యాడన్నా ఉంటాదా? రేకు చూపియ్యి."

అందరూ నా వైపే చూస్తున్నారు. నర్సమ్మను బస్తాల గదిలోకి పిలిచి చెవిలో చెప్పాను. భార్య ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా గొంతు తగ్గించుకున్న మనిషిని నేను.

ఆసుపత్రిలో సాయంత్రానికి మత్తు దిగింది. జరిగింది చెప్పాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"లేని రోగానికి పత్యం పెట్టినావు. మొన్న పెండ్లిలో లడ్డు కూడా ముట్టనియ్యలేదు నన్ను. ఉండే రోగానికేమో దొంగ మాత్రలు. నీకంత సిగ్గైతే నాకొద్దు. మింగను."

అన్నట్టే ఇంటికొచ్చాక మింగలేదు. మళ్లీ నిద్ర లేకుండా పోయింది. గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలైంది. నేను బతిమాలితే వినిపించనట్టే ఉండేది.

చివరికి అడిగాను, "అక్కకు నిజం చెప్పనా?"

"నీ అబద్ధం. నువ్వే చెప్పుకో."

అక్క ఇంటికి పోయి చెప్పాను. షుగరు లేదని, మనసు బాగలేదని, ఆ రోజు తెలిసీ ఆపలేదని.

"థూ! నా చేతులతో ఆయమ్మను సంపింటే ఏమి చేస్తాంటివప్పా? అంగడి పరువు తూకమేసి అమ్ముకుంటాంటివా?" అంది. ఆ మధ్యాహ్నమే అక్క వచ్చి నా భార్య పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మాత్రల సంగతి డాక్టరును అడిగి చూస్తానని మాత్రం రాత్రి నా భార్య అంది.

డాక్టరు వచ్చే రోజు అంగడి మూసి, ఇద్దరం మండలం ఆసుపత్రికి పోయాం. గది ముందు బల్ల మీద కూర్చున్నాం. మా దగ్గర సరుకులు తీసుకునే ఒక రైతు ఆగాడు.

"ఏమన్నా, ఈడ కూర్చున్నావు? షుగరుకు ఆ పక్క గది కదా!"

నా భార్య నా మొహం వైపు చూసింది.

"షుగరు కాదప్పా. ఈమెకు మనసు బాగలేదు. ఈ డాక్టరుకే చూపిద్దామని వచ్చినాం."

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా పోయాడు. సాయంత్రానికి ఊరంతా చెబుతాడని తెలుసు. లేచి బయటికి పోవాలనిపించింది. లేవలేదు.

లోపలి నుంచి పిలిచారు. ఆమె వెంటనే లేవలేదు.

"నువ్వూ రా," అంది.

ఇద్దరం లోపలికి పోయాం. డాక్టరు ఏమైందని అడిగారు. ఆమె కంటే ముందు నేనే మొదలుపెట్టాను, నేను చేసిన పనితో.