ముఠాకు పాటల డబ్బా కొనడానికి బెజవాడ వెళ్లొచ్చాను

పెనుగొలను సెంటర్లో తిరువూరు ఆటో ఎక్కి కూర్చున్నాక కూడా జయమ్మ వదల్లేదు. చీపురు చేత్తోనే పట్టుకుని ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"కరుణా, సోకు చూసి మోసపోమాక. కిందపడ్డా పగలకూడదు, నీళ్లలో పడ్డా చావకూడదు. అదొక్కటే చూడు."

"సరే వదినా, చూస్తాలే" అన్నాను. ఆటో కదిలింది. ఆమె చెప్పిన ఆ ఒక్కటీ నేను తు.చ. తప్పకుండా చూశాను.

జయమ్మ మా కలుపు ముఠాకు మేస్త్రి. మేం ఎనిమిదిమంది ఆడవాళ్లం. పత్తి చేలో తలా ఒక సాలు పట్టుకుని, ఒకే వరసలో వంగి కలుపు తీసుకుంటూ పోతాం. కూలి రోజు లెక్కన కాబట్టి వరస కలిసి నడవాలి. ఒకరు వెనకపడితే గట్టుమీది రైతు కళ్లు వాళ్లమీదే ఉంటాయి. మాలో పెద్దది సువార్తమ్మత్త. మోకాళ్లు అరిగిపోయాయి, చేతిలో మునపటి చురుకు లేదు. పోయినేడు ఒక రైతు మొహంమీదే అన్నాడు: "ఆవిణ్ణెందుకు తెస్తారమ్మా, కూలి దండగ? రేపట్నించి ఏడుగురే రండి."

ఆ మర్నాడు జయమ్మ ఒక పని చేసింది. మాకు పాటలు వినిపించే చిన్న డబ్బా ఒకటి ఉండేది. దాన్ని గుడ్డసంచిలో పెట్టి సువార్తమ్మత్త రొండిన కట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాట వినాలంటే అత్త పక్కనే ఉండాలి. ముందుకు పోయినవాళ్లకు రెండో చరణం వినపడదు. అందుకని చేతులు వాటంతటవే నెమ్మదించేవి. అత్త సాలులో మిగిలిపోయిన గడ్డిని పక్కసాళ్లవాళ్లు చెయ్యి చాపి లాగేసేవారు. దూరాన్నుంచి చూస్తే వరస వరసగానే ఉండేది. ఆ తర్వాత ఏ రైతూ ఏమీ అనలేదు.

ఈ వానల్లో అత్త చేలో బోదె కాలవ దాటుతూ జారిపడింది. దేవుడి దయవల్ల ఆమెకేమీ కాలేదు గానీ డబ్బాలోకి బురదనీళ్లు పోయాయి. తిరువూరులో ఇద్దరికి చూపించినా లాభం లేకపోయింది. ఫోన్లో పాటలు వేసుకోవచ్చుగా అని అడిగేవాళ్లకు చెబుతున్నాను: మా ఫోన్లు పగలంతా పిల్లల దగ్గరో మగవాళ్ల దగ్గరో ఉంటాయి. పైగా వానలో తడిసే పనికి వాటినెవరూ ఇవ్వరు. డబ్బా లేని వారం రోజులూ ముఠాలో నలుగురు ముందుకు, ముగ్గురు మధ్యలో, అత్త ఒక్కతీ చివర. అందరం తలా కొంత డబ్బు వేసుకున్నాం. చదవడం వచ్చింది నాకే కాబట్టి నన్ను పంపారు. నేను బడికి పోయిందాన్ని కాదు. మా నాన్న పొయ్యి పక్కన కూర్చోబెట్టి కీర్తనల పుస్తకంలోనే అక్షరాలు నేర్పాడు. ఆయన పెట్టిన భిక్ష అది. ఏ బోర్డు చదివినా ముందు ఆయన్నే తలుచుకుంటాను.

తిరువూరు బస్టాండులో ఏడు దాటాక విజయవాడ బస్సు దొరికింది. ఆడవాళ్లకు సున్నా టికెట్టు. ఆధార్ చూపిస్తే చాలు. కిటికీ పక్క సీటు దొరికినందుకు లోపల స్తోత్రం చెప్పుకున్నాను. కండక్టరు కార్డు చూసి నవ్వాడు.

"పనిమీదా అమ్మా, ఊరు చూట్టానికా?"

"పనేనండి. పాటలు వినేది కొనాలి."

"దానికి బెజవాడ దాకానా?"

వెనక నిలబడ్డ పెద్దాయన అందుకున్నాడు. "వాళ్లకేంటయ్యా, పాటకైనా పోతారు, ఆటకైనా పోతారు. మనకే టికెట్టూ పోయె, సీటూ పోయె." బస్సులో ఆడవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. ఎవరో సంచి ఒళ్లో పెట్టుకుని ఆయనకు చోటిచ్చారు.

ఎ.కొండూరు దాటాక సన్నగా జల్లు. రెండువైపులా మామిడితోటలు కాపు దిగిపోయి ముదురాకుతో ఉన్నాయి. మైలవరంలో బస్సు కాసేపు ఆగితే టీ తాగాను. ఇబ్రహీంపట్నం నుంచి లారీల వెనక బస్సుది నత్తనడక. విజయవాడలో దిగేసరికి పది కావస్తోంది. బస్టాండులోనే బల్లమీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న చింతకాయపచ్చడి అన్నం తిన్నాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి, కొట్ల బజారులో అడిగితే కొనుక్కోమంటారు.

బీసెంటు రోడ్డుకు షేర్ ఆటో. మొదటి కొట్లో అన్నీ మెరుస్తున్నాయి. సేల్స్ అమ్మాయి అరచేతిలో పట్టే గుండ్రటి స్పీకరొకటి చూపించింది. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, చప్పుడు కొట్టంతా నిండింది. నాకు నచ్చింది. అయినా జయమ్మ మాట గుర్తొచ్చింది.

"వానలో తడిస్తే?"

"చినుకులైతే పర్లేదక్కా. నీళ్లలో పడితే మాత్రం గ్యారంటీ ఉండదు."

"ఎత్తునుంచి పడితే?"

"ఎందుకు పడేస్తారక్కా?" అని కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వి బయటికొచ్చేశాను. ఆ గుమ్మం ఎందుకు దిగానా అని ఇప్పుడు అనుకుంటున్నాను.

రెండో కొట్టు సందు చివర, చిన్నది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. నేను చెప్పింది ఓపిగ్గా విన్నాడు. వంగి చేసే పని, చెమట, బురద, మధ్యాహ్నం దాకా ఛార్జింగు పెట్టే వీలుండదు, కరెంటు సంగతి సరేసరి. అన్నీ విని అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన నల్లటి ప్లేయరు బల్లమీద పెట్టాడు.

"పరుగులు పెట్టేవాళ్లు, ఈతకొట్టేవాళ్లు వాడతారమ్మా ఇది. అద్దం లేదు, అంచేత పగలదు. తాకితే పనిచేసే రకం కాదు, తడి వేళ్లకు అలాంటివి పలకవు. ఇదిగో, నొక్కే బటన్లు. చూడకుండానే తడిమి వేసుకోవచ్చు. ఛార్జింగు కన్నానికి రబ్బరు మూత ఉంది. ఈ క్లిప్పు లాగి చూడండి."

లాగాను. గట్టిగా పట్టింది. ఆయన దాన్ని తన మంచినీళ్ల గ్లాసులో ముంచాడు. తీసి నేలమీద పడేశాడు. తుడిచి, మా పాత డబ్బాలోంచి తీసి తెచ్చిన మెమరీ కార్డు అందులో పెట్టి, తీగలున్న ఇయర్‌ఫోన్లు నా చేతికిచ్చాడు.

"వినండి."

చెవుల్లో పెట్టుకున్నాను. చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని కీర్తన. మా పాత డబ్బాలో అది రేకు చప్పుడులా వచ్చేది. ఇప్పుడు పాడే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. వెనకాల వేణువు ఉందని నాకసలు తెలియనే తెలియదు. బజారు లేదు, హారన్లు లేవు. కళ్లు మూసుకుంటే నాన్న, పొయ్యి వెలుగు, తండ్రి సన్నిధిలో నేనొక్కదాన్నే ఉన్నట్టు అనిపించింది. పాట అయిపోయేదాకా కొట్టాయన కదిలించలేదు. మంచి మనిషి. ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. పాటయ్యాక అడగాల్సిన ప్రశ్న అడిగాడు కూడా.

"మీ ఒక్కరికేనా అమ్మా?"

"అవునండి" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. అబద్ధం చెబుతున్నానని అప్పుడు అనిపించలేదు. ఆయన ప్యాకెట్ సీలు విప్పి, కొత్తది నా ముందే ఛార్జింగు పెట్టి చూపించి, "సీలు తీశాక వెనక్కి తీసుకోనమ్మా" అని ముందే చెప్పి డబ్బు పుచ్చుకున్నాడు. మేం వేసుకున్నదాంట్లోనే సరిపోయింది. రోడ్డుమీద నిలబడి మళ్లీ స్తోత్రం చెప్పుకున్నాను.

మధ్యాహ్నం రెండు గంటలకు తిరువూరు బస్సు. పక్కసీట్లో మైలవరం ఆమె, కూతురి పురుడుకు కావలసినవి కొనుక్కుని వెళుతోంది. గొల్లపూడి దాటేసరికి ఉండబట్టలేక ప్లేయరు తీశాను.

"ఏంటమ్మా అది, తాయెత్తు పెట్టెలాగుంది?"

చెప్పాను. మా ముఠా గురించి, వరస గురించి, అత్త గురించి, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయాను.

"ఏదీ, ఒక పాట పెట్టు, విందాం."

ఒక తీగ ఆమె చెవికిచ్చాను, ఒకటి నేను పెట్టుకున్నాను. ఆమె తల ఊపుతూ విన్నది. వెనకసీటులోని పెద్దామె మామధ్యకు మెడ చాపింది. "నాకూ పెట్టమ్మా, కాస్త పైకి వినపడేట్టు."

"దీనికి పైకి రాదు అత్తయ్యా" అంది మైలవరం ఆమె నవ్వుతూ. "రెండు చెవులకే. మూడోవాళ్లొస్తే జుట్లు పట్టుకోవడమే."

నేను చెవిలో తీగ తీసేశాను. పాట ఆగింది. సువార్తమ్మత్త రొండిన ఇది కడితే ఇంకెవరికీ ఏమీ వినపడదు. వినపడనిదానికోసం ఎవరూ ఆగరు. ఉదయం జయమ్మకు "చూస్తాలే" అన్నదాన్ని, పడితే పగలదా, తడిస్తే చస్తుందా అని ఇన్ని అడిగినదాన్ని, పక్కసాలుకు వినపడుతుందా అని అడగలేదు.

కండక్టరును పిలిచాను. "వెనక్కెళ్లే బస్సు ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఇబ్రహీంపట్నంలో దిగితే దొరుకుతుంది. ఏం, ఏదన్నా మర్చిపోయారా?"

సీలు తీసిన ప్యాకెట్టూ, ఖాళీ అయిన పర్సూ ఒళ్లో ఉన్నాయి. "లేదండి" అన్నాను. ఇబ్రహీంపట్నం వచ్చింది, పోయింది. మైలవరంలో ఆమె దిగుతూ, "బాధపడమాకమ్మా, వస్తువైతే మంచిదే" అంది. ఆమె చల్లగా ఉండాలని, ఆమె కూతురికి సుఖంగా పురుడు రావాలని తలుచుకున్నాను. అంతకుమించి ఏం తలుచుకోవాలో తోచలేదు.

తిరువూరులో దిగి ఆటోల దగ్గరికొస్తే, వెనకసీట్లో సువార్తమ్మత్తే కూర్చుని ఉంది. ఆసుపత్రిలో మోకాళ్ల నొప్పికి మాత్రలు తీసుకుని వస్తోంది. నన్ను చూడగానే పక్కకు జరిగింది.

"దొరికిందటే పిల్లా?"

అబద్ధం ఆడలేకపోయాను. తీసి చేతిలో పెట్టాను. చెవుల్లో నేనే అమర్చాను. బటన్ నొక్కగానే అత్త మొహం విచ్చుకుంది.

"ఓయమ్మో! నా తలకాయలోనే పాడుతున్నారే!" అని గట్టిగా అరిచింది. డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు. "మామ్మా, మాకు చెవుడు లేదు, మెల్లగా!"

ఆటో ఊరు దాటింది. అత్త వేలితో తొడమీద తాళం వేస్తూ ఒక చరణం విన్నది. తర్వాత నావైపు తిరిగి, "నీకూ వినపడుతోందా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

"మరి జయమ్మకి?"

"ఎవరికీ వినపడదత్తా. పెట్టుకున్నవాళ్లకే."

అత్త తాళం ఆపింది. రెండు తీగలూ చెవుల్లోంచి మెల్లగా తీసింది. చీరకొంగుతో తుడిచింది. డబ్బా తన రొండినే ఎందుకు కట్టారో ఆమెకు తెలియదని మేమందరం ఏడాదిగా అనుకుంటున్నాం.

"మంచిది తెచ్చావు పిల్లా" అంది. "జయమ్మని ఏమీ అననీకు. నా సాలు నేను చూసుకుంటాలే."

గుంతలో ఆటో ఎగిరింది. ప్లేయరు ఆమె చేతిలోంచి జారి ఇనపరేకు మీద ఠంగుమని పడింది. వంగి తీశాను. కొట్టాయన చెప్పినట్టే గీతైనా పడలేదు. లోపల ఆ పాటామె ఎవరికీ వినపడకుండా ఇంకా పాడుతూనే ఉంది. బటన్ నొక్కి ఆపాను.

క్షేమంగా ఊరు చేరినప్పుడల్లా ఆటో దిగకముందే స్తోత్రం చెప్పుకోవడం నాకు అలవాటు. బస్సులు వేళకు దొరికాయి. సీటు దొరికింది. వాన అడ్డం రాలేదు. కలిసినవాళ్లంతా మంచివాళ్లే. అన్నీ వరసగా తలుచుకున్నాను. పెనుగొలను సెంటర్లో జయమ్మ నిలబడి ఉంది. సువార్తమ్మత్త నాకంటే ముందే దిగి, మాత్రల కవరు చేత్తో పట్టుకుని, మోకాళ్లను కూడదీసుకుంటూ ఇంటిదారి పట్టింది. మామూలుగా నడిచేదానికంటే కాస్త వేగంగా.